రిపేరుకిచ్చిన నగలో చిటికెడు తగ్గితే దొంగతనం, మరి ఎక్కువొస్తే?



పోయిన వారం వీడియోలో అస్తేయం గురించి చెప్పుకున్నాం. యమనియమాల్లో అహింస, సత్యం తర్వాత వచ్చేది అదే. అస్తేయం అంటే దొంగతనం చెయ్యకపోవడం, మనమెవరం దొంగతనం చెయ్యం, ఇందులో చెప్పుకోవడానికి ఏముంది అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించేది. అయితే మా ఇంట్లో జరిగిన ఒక చిన్న విషయం ఆ నమ్మకాన్ని కొంచెం కదిలించింది. వీడియోలో చెప్పడానికి టైమ్ సరిపోలేదు, నిజం చెప్పాలంటే కెమెరా ముందు చెప్పడానికి మొహం చెల్లలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

మాది మదనపల్లె. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నా, పండక్కీ పబ్బానికీ ఊరికి వెళ్తుంటా. మా అవ్వ సరుడు ఒకటి అమ్మ దగ్గర ఉంది. పాతకాలం పని, లావు గొలుసు. దాని కొక్కెం విరిగితే అమ్మ రిపేరుకిచ్చింది. ఇచ్చేటప్పుడు అంగట్లో తూకం వేసి చీటీ రాశారు: 23.840 గ్రాములు. నాలుగు రోజుల తర్వాత తెచ్చుకుంటే సరుడు తళతళ మెరుస్తోంది, కొక్కెం గట్టిగా ఉంది. కానీ బిల్లు మీద 23.610. అంటే 0.230 గ్రాములు తక్కువ. అడిగితే కౌంటర్లో అబ్బాయి చాలా మర్యాదగా, “మురికి పోయింది సార్, అరిగిపోయిన లింకు ఒకటి తీసేసినాము” అన్నాడు. ఆ తీసేసిన లింకు ఏదని అడిగా. లోపలికి వెళ్ళాడు, వచ్చాడు, “అది పొడిలో కలిసిపోయింది సార్” అన్నాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుని “రా నాయనా, పోదాం” అంది. బయటికొచ్చాక నేను చెడామడా తిట్టా. అమ్మ ఒక్కమాట కూడా మాట్లాడలేదు.

ఇలాంటి కథ మీ ఇంట్లోనూ ఉంటుంది. మదనపల్లె అనే కాదు, పుంగనూరులో మా అత్త దగ్గర ఒకటుంది, కుప్పంలో చిన్నమ్మ దగ్గర ఇంకోటుంది. జాతరలకు ముందు మా వైపు బంగారు అంగళ్ళ దగ్గర కొనేవాళ్ళ కంటే బాగు చేయించుకునేవాళ్ళే ఎక్కువ కనిపిస్తారు. పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర, కుప్పంలో తిరుపతి గంగమ్మ జాతర వస్తున్నాయంటే కమ్మల సీల ఊడిందనీ, జుంకీకి ముత్యం రాలిందనీ, తాళిబొట్టు సరుడు అతకాలనీ చిన్న చిన్న పర్సులు పట్టుకుని ఆడవాళ్ళు వస్తారు. కొందరు చెప్పేది పూర్తిగా మెచ్చుకోలే: “నా ముక్కుపుడకకు సీల వేసి పైసా తీసుకోలేదు”, “పెళ్ళి రోజు పొద్దున్నే అంగడి తెరిచి హారం అతికిచ్చినాడు”. కొందరు చెప్పేది అనుమానం: తూకం తగ్గింది, రాయి మార్చేశారు, మూడు రోజులని మూడు వారాలు తిప్పారు. ఒకే అంగడి గురించి ఈ రెండు మాటలూ వినపడతాయి. అదే నాకు వింతగా అనిపిస్తుంది.

కొనడానికీ రిపేరుకివ్వడానికీ ఉన్న తేడా చూడండి. కొనేటప్పుడు మన డబ్బు మన చేతిలో ఉంటుంది, నచ్చకపోతే పక్క అంగడికి పోతాం. రిపేరుకిచ్చామంటే మన వస్తువు వాళ్ళ చేతిలో ఉంటుంది, మన చేతిలో ఒక చీటీ మాత్రమే ఉంటుంది. మన శాస్త్రాల్లో దీనికి సరైన మాట ఉంది: నిక్షేపం. ఒకరిని నమ్మి వాళ్ళ దగ్గర దాచమని ఇచ్చింది. నిక్షేపాన్ని కాజెయ్యడాన్ని మామూలు దొంగతనంతో సమానంగానో, ఇంకా ఘోరంగానో ధర్మశాస్త్రాలు చూశాయి. ఎందుకో ఊహించడం కష్టం కాదు. దొంగ దగ్గర మనం జాగ్రత్తగా ఉంటాం. నమ్మినవాడి దగ్గర ఉండం.

శూద్రకుడి మృచ్ఛకటికం కథ మొత్తం ఈ నిక్షేపం చుట్టూనే తిరుగుతుంది. వసంతసేన తన నగల మూట చారుదత్తుడి ఇంట్లో దాచమని ఇస్తుంది. రాత్రి శర్విలకుడు గోడకు కన్నం వేసి ఆ నగలు ఎత్తుకుపోతాడు. చారుదత్తుడికి నగలు పోయాయన్న బాధ కంటే ఇంకో భయం ఎక్కువ: నేను పేదవాడిని, దొంగ ఎత్తుకుపోయాడంటే లోకం నమ్ముతుందా, నేనే మింగేశాననుకోదా? అప్పుడు ఆయన భార్య ధూత తన దగ్గర మిగిలిన రత్నహారాన్ని తీసి ఇచ్చేస్తుంది, దాన్ని వసంతసేనకు పంపమని. పోయిన నగల కంటే ఆ హారం విలువైనది. ఇంట్లో ఇంకేం లేదు. అయినా ఇచ్చింది. ఆ ఇంటి మీద పెట్టిన నమ్మకం ఖరీదు ఆ హారమని ఆమె లెక్క.

ఈ లెక్కతో చూస్తే నా 0.230 గ్రాముల గోల చాలా చిన్నది. కానీ చిన్నది కాబట్టే అసలు ప్రశ్న ఇక్కడుంది. పెద్ద దొంగతనం గురించి ఎవరికీ సందేహం ఉండదు. చిటికెడు దగ్గరే మనం తడబడతాం.

సరే, ఆ చిటికెడు ఎక్కడికి పోతుంది? దీని గురించి కొంచెం చదివా, పని తెలిసినవాళ్ళను అడిగా. యాజ్ఞవల్క్య స్మృతిలో ఒక ఆశ్చర్యమైన లెక్క ఉంది. లోహాలను నిప్పులో పెడితే ఎంత తగ్గొచ్చో అది చెబుతుంది: వెండి నూటికి రెండు పలాలు, తగరం, సీసం ఎనిమిది, రాగి ఐదు, ఇనుము పది. బంగారం మాత్రం అసలు తగ్గదు. అంటే “నిప్పులో పోయింది” అనే మాట బంగారం విషయంలో చెల్లదని అప్పుడే రాసిపెట్టారు. ఇది నిజం కూడా. బంగారం కరగాలంటే 1064 డిగ్రీల సెంటిగ్రేడ్ వేడి కావాలి, కరిగినా అది ఆవిరై పోదు, తుప్పు పట్టదు.

నిప్పులో పోనిది మిగతాచోట్ల పోతుంది. ఆకురాయితో రాస్తే పొడి రాలుతుంది. కత్తిరిస్తే తునక ఎగిరి పడుతుంది. మెరుగు పెట్టడానికి ఆమ్లంలో ముంచితే పైపొర కరిగి ఆ నీళ్ళలోకి దిగుతుంది. బంగారాన్ని కరిగించే ద్రవరాజం అయితే చెప్పక్కర్లేదు, ఎంతసేపు ముంచితే అంత దిగుతుంది, నగ మాత్రం ఇంకా బాగా మెరుస్తుంది. మనం ఆ మెరుపు చూసి మురిసిపోతూ ఇంటికొస్తాం. ఆ పొడీ, ఆ నీళ్ళూ ఎవరివి? పూర్వం కంసాలి అంగళ్ళ ముందు దుమ్మునూ బూడిదనూ కడిగి బంగారం రాబట్టుకోవడమే వృత్తిగా బతికినవాళ్ళు ఉండేవాళ్ళు. తెలుగులో దానికి జలగడుగు అని పేరే ఉంది. అంగడి ఊడ్చిన చెత్త మీద ఒక కుటుంబం బతకగలిగిందంటే, రోజూ ఎంతోకొంత రాలుతోందనే కదా. అందరికీ తెలిసే రాలేది. దాన్ని ఎవరూ దొంగతనం అనలేదు.

ఇంకో చిక్కు ఉంది, తూకానికి అస్సలు దొరకనిది. రెండు ముక్కలు అతకాలంటే టంకం కావాలి. ఆ టంకం నగ కంటే ముందు కరగాలి, లేకపోతే నగే కరిగిపోతుంది. అందుకని దాంట్లో రాగి, వెండి లాంటివి ఎక్కువ కలుపుతారు. ఒకప్పుడు కాడ్మియం కలిపేవాళ్ళు. మన అమ్మల కాలంలో “కేడీఎం నగ” అని గొప్పగా చెప్పుకున్నది దాని గురించే. ఆ పొగ పీల్చి ఊపిరితిత్తులు పాడైంది మాత్రం అతికేవాడికి. హాల్‌మార్క్ నగల్లో ఇప్పుడు కాడ్మియం టంకానికి చోటు లేదు. విషయమేంటంటే, అతికిన ప్రతిసారీ 22 క్యారెట్ల నగలోకి కొంచెం తక్కువ రకం లోహం చేరుతుంది. తూకం అణువంత తేడా లేకుండా సరిపోవచ్చు, లోపల బంగారం తగ్గి ఉండొచ్చు. మీ చేతిలో హాల్‌మార్క్ చూపించే ఆరు అక్షరాల నంబరు ఉన్నా అది నగ అమ్మిన రోజు సంగతి చెబుతుంది. రిపేరు చేసే చెయ్యి సంగతి చెప్పదు. 2021 జూన్‌లో 256 జిల్లాల్లో హాల్‌మార్క్ తప్పనిసరి చేసినప్పుడు నేను ఇక మోసాలుండవనుకున్నా. అవ్వ సరుడు అంతకు అరవై ఏళ్ళ ముందుది, దానికి ఏ ముద్రా లేదు.

కౌటిల్యుడికి ఇదంతా తెలుసు. అర్థశాస్త్రం రెండో అధికరణంలో కంసాలి పని గురించి వివరంగా రాస్తూ, బంగారం కాజేసే ఐదు దారులు పేర్లు పెట్టి చెప్పాడు. త్రాసు మోసం, తీసేసి వేరేది కలపడం, కరిగించేటప్పుడు కారిపోయేలా చెయ్యడం, పైన రేకు తాపడం, లోపల ఇంకేదో నింపడం. చదువుతుంటే ఈయన ఏదో అంగట్లో మోసపోయి ఇంటికొచ్చి రాసినట్టుంటుంది. అయితే అదే చోట ఆయన ఇంకోమాట కూడా అన్నాడు. ఎంత బరువు, ఎలాంటి వన్నె తీసుకున్నారో అంతే బరువు, అదే వన్నె తిరిగివ్వాలి, ఎంతకాలం గడిచినా సరే; కానీ సహజంగా అరిగిందీ తరిగిందీ మాత్రం లెక్కలోంచి తీసెయ్యాలి. అంటే తరుగు అనేది ఉంటుందని ఒప్పుకున్నాడు. దానికో హద్దు గీశాడు. ఆ హద్దు లోపలిది పని, దాటితే దొంగతనం.

మన బాధేంటంటే ఆ హద్దు మనకు కనపడదు. మురికి ఎంత, పొడి ఎంత, జేబులోకి ఎంత అని 0.230ని విడగొట్టే త్రాసు నా దగ్గర లేదు. పసుపూ, చెమటా పేరుకున్న పాత తాళిబొట్టు సరుడు కడిగితే నిజంగానే బరువు తగ్గుతుంది, అదీ చూశా. కాబట్టి ఆ అబ్బాయి అబద్ధం చెప్పాడని నేను ప్రమాణం చెయ్యలేను. నిజం చెప్పాడని కూడా చెయ్యలేను. కత్తిరించిన లింకు చూపించి ఉంటే చాలు, నాకు ఏ త్రాసూ అక్కర్లేదు.

పుంగనూరులో ఒక పెద్దాయన ఉన్నారు, ఆచారి. ఇంటి ముందు గదిలోనే పని. ముందర చిన్న పళ్ళెం, దానిమీద చెక్కబల్ల, ఒడిలో తోలు గుడ్డ. మా అత్త కమ్మలు అక్కడే బాగు చేయించుకుంటుంది. వస్తువు తిరిగిచ్చేటప్పుడు ఆయన ఇంత కాగితం మడిచి అందులో రాలిన పొడీ, కత్తిరించిన తునకా కట్టి ఇస్తారు. అత్త నవ్వుకుంటూ “ఈ దుమ్ము నేనేం చేసుకునేది సామీ” అంటే ఆయన అన్నారట, “ఏమన్నా చేసుకోమ్మా, నాది కాదు కదా” అని. ఆ పొట్లాలు అత్త బీరువాలో ఏడో ఎనిమిదో ఉన్నాయి.

ఇలాంటి మనిషి ఎక్కడో ఒకరుంటారు, మిగతావాళ్ళంతా దొంగలే అని మీరు అనుకుంటే నేను ఒప్పుకోను. కంసాలి మీద మన భాషలో ఒక పాత సామెత ఉంది, తల్లి నగ అయినా వదలడని. నేను చిన్నప్పటి నుంచీ అది విన్నా, నవ్వా. ఇప్పుడు నవ్వు రాదు. ఒక వృత్తిలో ఉన్నవాళ్ళందర్నీ పుట్టుకతోనే దొంగలని చెప్పే మాట అది. వీరబ్రహ్మేంద్రస్వామిని పూజిస్తాం, కాలజ్ఞానం వింటాం, కందిమల్లాయపల్లెకు కార్లేసుకుని పోతాం. ఆయన పుట్టిన విశ్వబ్రాహ్మణ కులంలోని ఆచారి ఎదుట కూర్చున్నప్పుడు మాత్రం కళ్ళు ఆయన వేళ్ళ మీదే ఉంటాయి.

వాళ్ళకేం జరిగిందో మన తరానికి అసలు తెలీదు. చైనా యుద్ధం అయిన వెంటనే, 1963 జనవరిలో, కేంద్ర ప్రభుత్వం బంగారం మీద ఆంక్షలు పెట్టింది. అప్పుడు ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయ్. 14 క్యారెట్లకు మించిన బంగారంతో కొత్త నగలు చెయ్యకూడదు. 14 క్యారెట్లంటే నూటికి యాభై ఎనిమిది పాళ్ళే బంగారం, మనవాళ్ళెవరూ అలాంటి నగ వేసుకోరు. రాత్రికి రాత్రి దేశమంతా కంసాలుల కుంపట్లు చల్లారిపోయాయి. కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఆ 14 క్యారెట్ల నిబంధన కొన్నేళ్ళకు తీసేశారు కానీ 1968లో ఏకంగా చట్టమే వచ్చింది, 1990 దాకా ఉంది. ఆ దెబ్బ నుంచి తేరుకునేలోగా మిషన్ కటింగ్ నగలు వచ్చాయి, తర్వాత ఏసీ షోరూమ్‌లు వచ్చాయి. ఇప్పుడు మదనపల్లెలో మీరు కొత్త నగ కొనేది గాజు తలుపుల అంగట్లో. ఆచారి దగ్గరికి పోయేది విరిగినప్పుడు మాత్రమే. చాలాసార్లు అదీ లేదు, షోరూమ్ వాళ్ళు తీసుకుని వెనక సందులో ఎవరికో ఇస్తారు, ఆయన ముఖం మనం చూడం.

మరి ఆ మనిషికి మనం ఏమిస్తున్నాం? ఇక్కడే నాకు సిగ్గేస్తుంది. లక్షల రూపాయల నగ తీసుకెళ్ళి, గంటసేపు కళ్ళు పొడుచుకుని కొక్కెం అతికితే, నూటయాభై మజూరీ అడిగినందుకు “ఈ మాత్రం దానికి నూటయాభయ్యా?” అంటాం. ఫ్రీగా చేసిస్తే “ఎంత మంచి అంగడి” అంటాం. ఫ్రీ అనేది లేదు. మజూరీ రూపంలో ఇవ్వనిది తరుగు రూపంలో పోతుంది, లేదా పనివాడి కడుపు మాడి పోతుంది. చాలా అంగళ్ళలో రిపేరు అంటే నష్టం వ్యవహారం, రేపు కొనడానికి వస్తారని చేసేది. నిజాయితీకి ఖరీదు కట్టడానికి ఒప్పుకోకుండా నిజాయితీ కావాలంటున్నాం మనం. చిటికెడు కాజేసినవాడిది తప్పు కాదని చెప్పడానికి కాదు ఇది. తప్పే. కానీ ఆ తప్పు పెరిగిన మడిలో మనమూ నీళ్ళు పోశాం.

ఒక్క నిమిషం కుప్పం వైపు వెళ్దాం. అక్కడికి దగ్గర్లోనే, సరిహద్దు దాటితే కోలార్ బంగారు గనులు. మన వైపు గుడుపల్లె మండలంలో చిగురుగుంట, బిసానత్తం గనులూ ఉండేవి. కుప్పం చుట్టుపక్కల పెద్దవాళ్ళను కదిలిస్తే, గనుల్లో పనిచేసిన చుట్టాలు ఎవరో ఒకరు తేలతారు. కోలార్‌లో భూమిలోకి మూడు కిలోమీటర్లకు పైగా దిగేవాళ్ళు, ఆ లోతులో బండ వేడికి ఒళ్ళు కాలిపోయేది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూశారు. చివరి రోజుల్లో టన్ను రాయి పిండి చేస్తే దాదాపు 3 గ్రాముల బంగారం వచ్చేది. నేను ఒకసారి కూర్చుని లెక్క వేశా. మా సరుడులో తగ్గిన 0.230, 22 క్యారెట్లని అనుకున్నా, సుమారు 70 కిలోల రాయి. ఎవరో పాతాళంలో నిలబడి పగలగొట్టి, ఇంకెవరో పైకి మోసి, దంచి, కడిగిన 70 కిలోలు. చిటికెడు అనే మాట ఆ తర్వాత నా నోటికి సులభంగా రావడం లేదు.

అయితే ఆ లెక్క నాకు వ్యతిరేకంగా కూడా తిరిగింది. అసలు కథ ఇప్పుడు చెబుతా.

పోయిన ఏడాది అమ్మ నల్లపూసల దండ తెగింది. అదే అంగట్లో ఇచ్చాం, వేరే అంగడి అమ్మకు అలవాటు లేదు. నల్లపూసల మధ్య బంగారు గుండ్లు ఉంటాయి కదా, లోపల లక్క నింపినవి, అవి పద్నాలుగు. లెక్కపెట్టి, చీటీ మీద రాయించి ఇచ్చాం. ఈసారి నేనే పక్కన నిలబడి ఫోన్‌లో ఫోటో కూడా తీశా. నాలుగు రోజులకు దండ వచ్చింది, బాగా గుచ్చారు. మజూరీ నూటయాభై అంటే అమ్మ వంద చేతిలో పెట్టి “చాల్లేప్పా” అంది. రెండు వారాల తర్వాత ఆ దండ అమ్మ మెడలో చూస్తూ ఊరికే లెక్కపెట్టా. పదహారు.

మళ్ళీ లెక్కపెట్టా. ఫోటో తీసి చూశా. పదహారే.

నాకు మొదట వచ్చిన ఆలోచన ఏంటో ఉన్నది ఉన్నట్టు రాస్తా. “బాగైంది. అప్పుడు సరుడులో కొట్టేశారు, ఇప్పుడు దేవుడే లెక్క సరిచేశాడు.” ఇంకా తమాషా ఏంటంటే నేను ఆ రెండు గుండ్లూ ఎంత తూగుతాయో మనసులోనే అంచనా వేసుకున్నా. అరగ్రాముకు కొంచెం తక్కువ ఉంటుంది. అసలూ వడ్డీ వచ్చేసిందనుకున్నా. దేవుణ్ణి ఇందులోకి లాగడం నాకు ఏమాత్రం ఎబ్బెట్టుగా అనిపించలేదు. వారం వారం అస్తేయం, అపరిగ్రహం అని మీకు చెప్పే నోరే ఇది.

అమ్మకు చెప్పా. ఆమె చెయ్యి దండ మీదకు పోయింది. “మరి ఎవరివిరా ఇవి?” అంది.

నేను ఆ ప్రశ్న వేసుకోనే లేదు. నా లెక్కలో రెండే పక్షాలున్నాయి, అంగడీ నేనూ. కానీ గుండ్లు అంగడివి కాదు. ఆ రోజు ఇంకో దండ పక్కన గుచ్చుతున్నప్పుడు కలిసిపోయి ఉంటాయి. అంటే ఊళ్ళో ఎవరో ఒకామె దండలో రెండు తగ్గాయి. ఆమె ఇంటికి పోయి లెక్కపెట్టుకుని, తిరిగొచ్చి, నేను సరుడు గురించి అరిచినట్టే అరిచి ఉంటుంది. కంసాలి సామెత చెప్పి ఉంటుంది. ఆమె ఇప్పుడు ఎంతమందికి ఈ కథ చెబుతోందో. ఆమె దృష్టిలో అంగడి దొంగ. నిజంగా ఆ గుండ్లు ఉన్నది మా అమ్మ మెడలో, తాళిబొట్టు పక్కన.

నా సరుడు విషయంలోనూ ఇలాంటిదే ఏదైనా జరిగి ఉండొచ్చా? ఉండొచ్చు. ఉండకపోవచ్చు. ఒకరి మీద నాకున్న అనుమానాన్ని ఇంకొకరి సొత్తుతో తీర్చుకోవచ్చని అనుకున్నా కదా, అదీ నన్ను ఇప్పటికీ గుచ్చుతున్నది.

మహాభారతం శాంతిపర్వంలో తులాధారుడి కథ ఉంది. జాజలి అనే ముని ఘోర తపస్సు చేస్తాడు, తలమీద పక్షులు గూడు కట్టినా కదలడు. నా అంత ధర్మం తెలిసినవాడు లేడనుకుంటాడు. కాశీలో తులాధారుడనే వ్యాపారి దగ్గరికి వెళ్ళమని అతనికి ఒక మాట వినిపిస్తుంది. వెళ్తే ఆ వ్యాపారి అంగట్లో కూర్చుని సరుకు తూస్తున్నాడు. పేరులోనే త్రాసు ఉంది. నా త్రాసు అందరికీ ఒకేలా ఉంటుంది, ఎవరినీ దూషించను, ఎవరికీ ద్రోహం చెయ్యను అనే భావంతో ధర్మాన్ని వివరిస్తాడు. చిన్నప్పుడు ఈ కథ వ్యాపారుల కోసం చెప్పినదనుకున్నా. ఇప్పుడు జాజలి ఎక్కువ గుర్తొస్తున్నాడు. ఏళ్ళ తరబడి కదలకుండా నిలబడినవాడు, ధర్మం మీద తనకే పట్టుందనుకున్నవాడు. త్రాసులు అంగళ్ళలోనే ఉంటాయని నేనూ అనుకున్నా.

మధ్యలో ఒక వేదాంతం జోకు. ఛాందోగ్యంలో ఉద్దాలకుడు శ్వేతకేతుకు చెబుతాడు: ఒక బంగారు ముద్దను తెలుసుకుంటే బంగారంతో చేసిన వాటన్నిటినీ తెలుసుకున్నట్టే, నగల తేడాలు పేర్లలోనే ఉన్నాయి. ఆ మాట అక్షరాలా నమ్మేది ఎక్స్ఛేంజ్ కౌంటర్ ఒక్కటే. అవ్వ సరుడును “ఓల్డ్ గోల్డ్” అని రాసి కరిగించేస్తారు. నేనింకా అంత జ్ఞానిని కాలేదు. నాకు ఆ సరుడు అవ్వే. ఆ ఇంకొకామెకు ఆ రెండు గుండ్లు ఏమిటో నాకెలా తెలుస్తుంది? వాళ్ళమ్మ పెట్టినవేమో. రెండు కొత్త గుండ్లు వేసిస్తే ఆమె లెక్క సరిపోతుంది, అంతే.

శనివారం పొద్దున దండ తీసుకుని అమ్మతో పాటు వెళ్ళా. దారిలో అమ్మ ఒకసారి అంది, “వాళ్ళే పెట్టుకుంటే?” అంటే మనం ఇచ్చినా ఆ ఇంకొకామెకు చేరకపోతే అని. మంచి ప్రశ్నే. నేనూ అదే ఆలోచిస్తున్నా. కానీ అది కారణంగా చూపించి గుండ్లు ఇంట్లో పెట్టుకుంటే, వాళ్ళు ఒకవేళ చేస్తారేమో అనుకున్న పనిని మేము ఖాయంగా చేసినట్టవుతుంది. అందుకని చీటీ వెనక ఆ తారీఖూ, రెండు గుండ్లు వేరేవాళ్ళవి అనీ రాసి, ఫోటో తీసుకుని ఇద్దామనుకున్నాం. నమ్మకంతో పాటు చీటీ ఉంటే తప్పు లేదు. మీరూ ఇచ్చేటప్పుడు తూకం, రాళ్ళ లెక్క, ఫోటో, తీసేసిన ముక్కలు తిరిగివ్వాలన్న మాట, అన్నీ రాయించుకోండి. చారుదత్తుడి దగ్గర ఒక చీటీ ఉండుంటే ధూత హారం మిగిలేదేమో.

అంగట్లో అదే అబ్బాయి. చెప్పాం. మొదట అర్థం కాలేదు, మేమేదో కంప్లయింట్‌కు వచ్చామనుకుని “సార్, తూకం వేసే ఇచ్చినాము” అని మొదలుపెట్టాడు. అమ్మ దండ తీసి కౌంటర్ మీద పెట్టి “లెక్కపెట్టు నాయనా” అంది. లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. ఆ తర్వాత అతను మా వైపు చూడకుండా లోపలికి చూసి “అన్నా” అని పిలిచాడు. గుచ్చే ఆయన వచ్చాడు, కళ్ళద్దాలు తాడుతో కట్టుకున్న మనిషి, యాభై దాటి ఉంటాయి. విషయం విని దండ చేతిలోకి తీసుకుని వేలితో ఆ రెండూ ఎక్కడున్నాయో ఇట్టే పట్టేశాడు. మిగతావాటి కంటే ఒక నూలుపోగు చిన్నవి, నాకు కనపడనే లేదు.

“ఆయమ్మ వచ్చి శానా మాట్లాడి పోయింది” అన్నాడు. “కొత్తవి వేసిచ్చినాం. నా లెక్కలోనే పట్టుకున్నారు.”

నేను ఏదో అనబోయా. సారీ అన్నాననుకుంటా. సరుడు విషయం, 0.230 విషయం అడగాలని బయల్దేరేటప్పుడు అనుకున్నా, అడగలేదు. ఆయన మా ముందే దారం విప్పి, ఆ రెండూ తీసి, దండ మళ్ళీ గుచ్చాడు. ఇరవై నిమిషాలు పట్టింది. గుండ్లు త్రాసులో పెట్టాడు, 0.440 చూపించింది, అబ్బాయి పుస్తకంలో రాసి మా చేత సంతకం పెట్టించుకున్నాడు. ఆయన దండ అమ్మ చేతికిచ్చాడు. అమ్మ కళ్ళకద్దుకుని మెడలో వేసుకుంది.

“ఎంతప్పా?” అని అడిగింది.

“దీనికేం వద్దక్కా” అన్నాడు. ఒక్క క్షణం ఆగి, కొంచెం నవ్వుతూ, “ఆ పొద్దు బాకీ యాభై ఉంది కదా, అది ఇయ్యండి” అన్నాడు.